34 అంగుళాల తెర కోసం 38 రోజులు

విజయనగరం కంటోన్మెంటులో మా ఇంటి ముందుగది కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. 2019లో కొన్న 24 అంగుళాల మానిటరు ఆరేళ్లపాటు దాని మీదే పనిచేసింది. పగలంతా దాని మీద ఇళ్ల ప్లాన్లు గీస్తాను; అది నా జీవనాధారం. రాత్రి భోజనాలయ్యాక పది నుంచి పన్నెండు వరకు అదే తెర మీద గేములు ఆడతాను. అది చిన్ననాటి నుంచి నాతో ఉన్న ఇష్టం, పెళ్లయినా పని పెరిగినా వదులుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. 2025 వేసవి నాటికి ఆ మానిటరు ఎడమ అంచున బొటనవేలి వెడల్పున పసుపు ఛాయ కమ్మేసింది. తెల్లటి కాగితంలా కనబడవలసిన ప్లాను అంచు తడిసి ఆరిన కాగితంలా కనబడేది. కొత్తది కొనక తప్పదని తేలిపోయింది. ఎలాంటిది కొనాలన్న దాని మీద నేను పెద్దగా మథనపడలేదు, ఎప్పుడు కొనాలన్నదే నన్ను రెండు నెలలు ఆలోచింపజేసింది. ఆ రెండు నెలల్లో చూసినవీ, లెక్క వేసుకున్నవీ ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లకు ఉపయోగపడతాయన్న ఉద్దేశంతో రాస్తున్నాను.

నేను కోరుకున్నది అల్ట్రావైడ్ మానిటరు, అంటే మామూలు తెరల్లో ఉండే 16:9 నిష్పత్తికి బదులు దాదాపు 21:9 నిష్పత్తిలో అడ్డంగా సాగి ఉండేది. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేరులో పనిచేసేవాడికి ఈ వెడల్పు విలువ బాగా తెలుస్తుంది. ఎడమ పక్క ప్లాను, కుడి పక్క ఎలివేషను (ఇల్లు ఎదురుగా కనబడే తీరు చూపే బొమ్మ) తెరిచి ఉంచుకోగలిగితే ఒకటి మూసి మరొకటి తెరిచే పని రోజుకు ఎన్నో సార్లు తప్పుతుంది. రాత్రిపూట నేను ఎక్కువగా ఆడే యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 లాంటి గేముల్లోనైతే లారీ ముందు అద్దంతోపాటు పక్క అద్దం కూడా మెడ తిప్పకుండానే కంటికి ఆనుతుంది. సినిమాల సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ తెరలో అడ్డంగా 3440, నిలువుగా 1440 పిక్సెళ్లు, అంటే వెలుగు చుక్కలు, ఉంటాయి; 3440ని 1440తో భాగిస్తే 2.39 వస్తుంది, సినిమాస్కోప్ చిత్రాల నిష్పత్తి కూడా అదే కాబట్టి పైనా కిందా నల్ల పట్టీలు లేకుండా బొమ్మ తెర నిండుతుంది.

అయితే 34 అంగుళాలు అనగానే చాలామంది పెద్ద టీవీని ఊహించుకుంటారు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు కాబట్టి నిష్పత్తి మారితే ఆ అంకె చెప్పే అర్థం కూడా మారిపోతుంది. 34 అంగుళాల అల్ట్రావైడ్ తెర వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 33 సెంటీమీటర్లు. అంటే ఎత్తులో అది మామూలు 27 అంగుళాల మానిటరుకు సమానం, వెడల్పులో మాత్రం 20 సెంటీమీటర్లు ఎక్కువ. ఈ కొలతలు కాగితం మీద చూసినంత మాత్రాన నాకు నమ్మకం కుదరలేదు. ఇంటి ప్లాను గీసేటప్పుడు కూడా గది కొలత చెబితే యజమానికి అర్థం కాదు, నేల మీద సుద్దతో గీసి చూపిస్తేనే అర్థమవుతుంది. అందుకని పక్కింటివాళ్ల ఫ్రిజ్ అట్టపెట్టె అడిగి తెచ్చుకుని, 80 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల ఎత్తు కొలిచి కోసి, కాస్త వంపు తిరిగేలా వెనక రెండు పుల్లలు కట్టి పాత మానిటరు ముందు నిలబెట్టాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇదేటి నానా, అట్టముక్క ముందెట్టుకుని కూర్చున్నావు?" అని అడిగింది. చెబితే నవ్వలేదు సరికదా, "మరి బల్ల చాలతాదా?" అని నాకు అసలు తట్టని ప్రశ్న వేసింది.

నిజంగానే బల్ల చాలలేదు. వెడల్పు సరిపోయింది, లోతు సరిపోలేదు. మా బల్ల లోతు 55 సెంటీమీటర్లు. వంపు మానిటర్ల స్టాండు కాళ్లు ముందుకు చాచుకుని ఉంటాయి కాబట్టి తెర గోడకు ఆనదు, కనీసం 15 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. అప్పుడు నా కంటికీ తెరకూ మధ్య అరమీటరు కూడా మిగలదు. అట్టముక్క ముందు రెండు రోజులు కూర్చుని పనిచేస్తున్నట్టు చూస్తే రెండు కొసలనూ చూడడానికి మెడ తిప్పవలసి వస్తోందని తెలిసింది. 70 నుంచి 75 సెంటీమీటర్ల దూరానికి జరిగి కూర్చుంటే ఆ ఇబ్బంది పోయింది. వడ్రంగిని పిలిపించి బల్లకు వెనక వైపు ఒక అడుగు వెడల్పున పలక వేయించాను. మానిటరు కొనక ముందే 1,400 రూపాయలు ఖర్చయ్యాయి, కానీ ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిన ఖర్చు అదే.

తర్వాతి సందేహం గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటరులో తెర మీది బొమ్మలను గీసే భాగం. నా కంప్యూటరులో ఉన్నది 2021లో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060. పాత మానిటరులో 1920x1080, అంటే 20,73,600 పిక్సెళ్లు. కొత్త దానిలో 3440x1440, అంటే 49,53,600. రెండు రెట్లకు పైగా పెరిగిన పిక్సెళ్లను ఆ కార్డు మోయగలదా? మోయలేకపోతే మానిటరుతోపాటు కార్డూ కొనవలసి వస్తుంది. అప్పుడిక అది ఇప్పట్లో కొనే మాట కాదు. ఈ విషయంలో ఎవరి మాటా వినకుండా ఇంట్లోనే పరీక్షించుకునే ఉపాయం ఒకటి ఉంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డీఎస్ఆర్ అనే సదుపాయం ఉంటుంది. చిన్న తెర మీదే గేమును పెద్ద రిజల్యూషనులో గీయించి, కుదించి చూపిస్తుంది. దానిలో 2.25 రెట్లు అన్న ఎంపిక పెడితే మన 1920x1080 (1080పీ) తెర మీద గేము 2880x1620లో నడుస్తుంది. లెక్క కట్టి చూడండి, 46,65,600 పిక్సెళ్లు. అల్ట్రావైడ్ భారానికి అది ఆరు శాతం మాత్రమే తక్కువ. కొనబోయే మానిటరు బరువును కొనకుండానే కార్డు మీద పెట్టి చూడడమన్నమాట.

ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఒక్కొక్క గేమూ పెట్టి చూశాను. సైబర్‌పంక్ 2077లో 1080పీ దగ్గర సెకనుకు 70 ఫ్రేముల (బొమ్మల) దాకా వచ్చేది, 2.25 రెట్లు పెట్టగానే 40కి దిగువకు పడిపోయింది. అప్పుడు డీఎల్ఎస్ఎస్‌ను క్వాలిటీ స్థాయిలో ఆన్ చేస్తే తిరిగి 60 దగ్గరకు చేరింది. కారణం కూడా లెక్కలోనే ఉంది. ఆ స్థాయిలో గేము ప్రతి వైపునా మూడింట రెండు వంతుల పిక్సెళ్లనే గీసి, మిగిలినది లెక్కగట్టి నింపుతుంది. 3440x1440 తెరకు అది లోపల గీసేది దాదాపు 2293x960, అంటే సుమారు 22 లక్షల పిక్సెళ్లు, నేను ఇన్నాళ్లూ ఆడుతున్న 1080పీకి కాస్త ఎక్కువ మాత్రమే. వెడల్పు తెరలో పక్కల కనబడే చెట్లూ భవనాలూ అదనంగా గీయవలసి ఉంటుంది కాబట్టి ప్రాసెసరు మీద కొద్దిగా భారం పెరుగుతుందని మనసులో పెట్టుకుని, కార్డు మార్చనక్కరలేదని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. లారీ గేముకైతే ఈ తంటా అంతా అక్కరలేదు, అది హాయిగా నడిచింది.

ఇక కొనడమే తరువాయి అనుకున్న సమయంలో, 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీది ప్రసంగంలో ప్రధానమంత్రి దీపావళి నాటికి జీఎస్టీ తగ్గుతుందని ప్రకటించారు. నేను ఆ వార్తను టీవీలో వింటూ కూడా నా మానిటరుతో దానికి సంబంధం ఉంటుందని అనుకోలేదు. మా ఆవిడ ఊళ్లోనే ఒక పన్ను సలహాదారు దగ్గర లెక్కలు రాస్తుంది. సాయంత్రం టీ తాగుతుండగా, "ఏవండీ, మీరు కొంటానన్నది ముప్ఫై రెండు అంగుళాలు దాటిందే కదా? అయితే నాలుగు రోజులు ఆగండి" అంది. ఎందుకని అడిగితే ఆమె చెప్పిన వివరం ఇది: 2019 జనవరి నుంచి 32 అంగుళాల వరకు ఉన్న మానిటర్ల మీద, టీవీల మీద పన్ను 18 శాతమే, అంతకు మించిన వాటి మీద 28 శాతం. ఇప్పుడు 28 శాతం శ్లాబునే ఎత్తేసే ఆలోచన జరుగుతోందని పత్రికలు రాస్తున్నాయి. 27 అంగుళాల మానిటరు కొనేవాడికి ఆగినా ఆగకపోయినా ఒకటే, 34 అంగుళాలు కొనేవాడికే ఆగడంలో లాభం ఉంది.

వెంటనే కాగితం తీసి లెక్క వేశాం. నేను చూసి పెట్టుకున్న వీఏ ప్యానెల్ (ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం) మానిటరు ధర 32,000 రూపాయలు. దానిలో 28 శాతం పన్ను కలిసి ఉంది కాబట్టి అసలు ధర 25,000, పన్ను 7,000. పన్ను 18 శాతమైతే 4,500, మొత్తం 29,500. శ్లాబు పది శాతం తగ్గితే ధర కూడా పది శాతం తగ్గుతుందని అనుకుంటాం గాని, చెల్లించే మొత్తంలో తగ్గేది 7.8 శాతమే, పన్ను పడేది అసలు ధర మీద గదా. 2,500 రూపాయలు తక్కువ మొత్తమేమీ కాదు, అయినా దానికోసం ఎన్నాళ్లు ఆగడం సమంజసమన్నదే నా ప్రశ్న. దీపావళి అక్టోబరు 20న. అంటే రెండు నెలలకు పైగా ఆ పసుపు పట్టీతోనే పనిచేయాలి, ఈలోగా పాత మానిటరు పూర్తిగా పోతే ఆ రోజే ఏదో ఒకటి కొనుక్కోవాలి. సెప్టెంబరు మొదటి వారం వరకు చూసి, అప్పటికి స్పష్టత రాకపోతే కొనేయాలని ఇద్దరం అనుకున్నాం. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి 56వ సమావేశంలో నిర్ణయం వెలువడింది: మానిటర్లు, టీవీలు అన్నీ 18 శాతంలోకే, సెప్టెంబరు 22 నుంచి అమలు. ఆ రాత్రి నా మనసు తేలికపడింది. ఎంత తగ్గుతుందో తెలిసింది, ఏ రోజు తగ్గుతుందో తెలిసింది. అలాంటి ఎదురుచూపు నాకు సమ్మతమే.

అలాంటి తేదీ లేని మరొక ఎదురుచూపు కూడా నన్ను లాగుతూ ఉండేది, అది ఓఎల్ఈడీ అనే మరో రకం తెర. మా తమ్ముడు శ్రీకాకుళంలో ఉంటాడు, గేముల్లో నాకు జతగాడు. వాడు ఫోనులో రోజూ అదే మాట: "అన్నియ్యా, ఇంకో ఏడాది ఆగితే ఓఎల్ఈడీయే అందుబాటులోకి వచ్చేస్తాది." వాడి మాటలో నిజం లేకపోలేదు. 34 అంగుళాల క్యూడీ-ఓఎల్ఈడీ (ఓఎల్ఈడీలోనే ఒక రకం) గేమింగ్ మానిటరు 2022లో ఏలియన్‌వేర్ పేరుతో అమెరికాలో 1,299 డాలర్లకు వచ్చింది. 2025లో అదే వరుసలో వచ్చిన కొత్త మోడలు 800 డాలర్లకు దిగింది. ఒక్కొక్క పిక్సెలూ తనంతట తాను వెలిగి ఆరిపోగలదు కాబట్టి ఆ నలుపు మరే ప్యానెల్‌కీ రాదు, బొమ్మ మారే వేగమూ రాదు. కానీ మన దగ్గర అప్పటికి దాని ధర నేను ఎంచుకున్న దానికి రెట్టింపు దాటి ఉండేది. ఎప్పటికి నా అందుబాటులోకి దిగుతుందో చెప్పగలవాళ్లు లేకపోయారు. ధర సంగతి అటుంచినా, నా గదికీ నా పనికీ అది కుదరదని ఆలోచించిన కొద్దీ బలపడింది. ఆటోక్యాడ్ పనిముట్ల వరుస రోజుకు ఎనిమిది గంటలు ఒకేచోట కదలకుండా ఉంటుంది. ఓఎల్ఈడీలో అలాంటి బొమ్మ ఏళ్ల తరబడి నిలిస్తే దాని మచ్చ మిగిలిపోయే ప్రమాదం ఉంది. క్యూడీ-ఓఎల్ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు త్రికోణంగా అమరి ఉండడం వల్ల సన్నటి గీతల అంచున రంగు చార కనబడుతుంది, నేను రోజంతా చూసేది సన్నటి గీతలనే. పైగా నా బల్ల కిటికీ పక్కన ఉంది. గదిలోకి వెలుతురు వస్తే ఆ ప్యానెల్ నలుపు ఊదారంగు కలిసిన బూడిదలా మారుతుంది. కేవలం రాత్రిపూట, చీకటి గదిలో గేముల కోసమే కొనేవాళ్లయితే తమ్ముడి సలహా పాటించడంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

మిగిలింది వీఏ, ఐపీఎస్ అనే రెండు రకాల ఎల్‌సీడీ తెరల మధ్య ఎంపిక. ఇది చదివి తేల్చుకునేది కాదు, కళ్లతో చూడాలి. మా ఊళ్లో గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాల్లో 27 అంగుళాలకు మించినది ప్రదర్శనలో లేదు. అడిగితే తెప్పిస్తామన్నారు గాని చూపించగలవాళ్లు లేకపోయారు. అందుకని సెప్టెంబరు 13న, రెండో శనివారం, విశాఖపట్నం ద్వారకానగర్ వెళ్లాను. అక్కడొక దుకాణంలో రెండు రకాలూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. దుకాణాల్లో వాటి మీద రంగురంగుల పువ్వులు, జలపాతాలు నడిపిస్తుంటారు, అవి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. నేను పెన్‌డ్రైవ్‌లో నా సొంత డ్రాయింగు ఒకటి తీసుకెళ్లాను, నల్లటి నేపథ్యం మీద తెల్లటి, పచ్చటి గీతలున్నది. దుకాణంలోని అబ్బాయి ఓపికగా దాన్ని రెండు తెరల మీదా తెరిచి ఇచ్చాడు.

మౌసుతో ఆ డ్రాయింగును మెల్లగా పక్కకు జరుపుతూ చూశాను. ఐపీఎస్ మీద గీతలు గీతల్లాగే జరిగాయి. వీఏ మీద తెల్ల గీతలు కదిలినంతసేపూ సగం వెలిసిపోయి, వెనక సన్నటి నల్లటి మసి లాగినట్టు కనబడి, ఆపగానే మళ్లీ స్పష్టమయ్యాయి. వీఏలో చిక్కటి నలుపు నుంచి బూడిదకు మారడానికి ద్రవస్ఫటికాలు తీసుకునే సమయం ఎక్కువ, ఆ మసి అందుకే. తర్వాత నేపథ్యాన్ని పూర్తి నలుపు నుంచి ఆటోక్యాడ్ మామూలుగా ఇచ్చే ముదురు బూడిద రంగుకు మార్చి మళ్లీ జరిపాను, ఈసారి మసి దాదాపు లేదు. చీకటి దృశ్యం పెట్టి దుకాణం లైటు ఒక్క నిమిషం ఆపమని కోరాను. ఐపీఎస్ కాంట్రాస్టు, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా, సాధారణంగా 1000కి ఒకటి, వీఏది 3000కి ఒకటి. అంకెగా చెబితే తెలియని ఆ తేడా అప్పుడు కంటికి కట్టింది. ఐపీఎస్ తెర మూలల్లో బూడిద వెలుగు కారుతోంది, వీఏ తెరలో రాత్రి రాత్రిలాగే ఉంది. ఐపీఎస్ 41,000 చెప్పారు. పగటి పనికి నేపథ్యం రంగు మార్చుకోగలను, రాత్రి ఆటకు నలుపును తెచ్చుకోలేను. కాబట్టి వీఏ అనే నిశ్చయించుకున్నాను. వేగంగా తుపాకులు పేల్చే పోటీ గేములు నేను పెద్దగా ఆడను, ఆడేవాళ్లయితే ఆ మసిని తక్కువ అంచనా వేయవద్దని కోరుతున్నాను.

ఎర్రకోట ప్రకటన విన్న 38 రోజులకు 22వ తేదీ సోమవారం వచ్చింది, అదే రోజు నవరాత్రులు మొదలు. బుధవారం మా ఊళ్లోనే ఒక దుకాణంలో అడిగితే మళ్లీ 32,000 అన్నారు. పన్ను తగ్గింది కదా అంటే, "సార్, మానిటర్ల మీద ఎప్పటి నుంచో పద్ధెనిమిదే సార్, తగ్గడానికేటుంది?" అని యజమాని ఎదురు ప్రశ్నించాడు. 32 అంగుళాలు దాటినవాటికి అలా కాదని వివరిస్తే, పాత సరుకు పాత పన్నుకే కొన్నామని మరొక కారణం చెప్పాడు. నాకు బాధ కలిగింది. అమ్మే రోజున ఉన్న రేటు ప్రకారమే బిల్లులో పన్ను వేయాలి. కొన్నప్పుడు ఎక్కువ కట్టిన పన్ను దుకాణదారు ఖాతాలో క్రెడిట్‌గా ఉంటుంది, తాను ప్రభుత్వానికి కట్టవలసిన దానిలో దాన్ని మినహాయించుకోవచ్చు. ఇది మా ఆవిడ చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు, తెలియక పాత ధరే ఇచ్చి వచ్చినవాళ్లు ఆ వారంలో ఎంతమంది ఉన్నారోనని ఇప్పటికీ అనిపిస్తుంది. సొంత ఊళ్లో కొనాలనే నా కోరిక. అది తీరలేదు.

ఆన్‌లైనులో పండుగ అమ్మకాలు కూడా అప్పుడే మొదలయ్యాయి, మరో వెయ్యి తక్కువకు దొరికేదే. కానీ ఇంత వెడల్పున్న వంపు తెర లారీలు మారుతూ, దింపుతూ ఎక్కిస్తూ రావడం నాకు భయం. ఒకటి రెండు చచ్చిన (వెలగని) పిక్సెళ్లుంటే తయారీదారులు చాలాసార్లు దాన్ని లోపంగా పరిగణించరు కూడా. 27వ తేదీ శనివారం మా బావ కారులో మళ్లీ ద్వారకానగర్ వెళ్లి, పెట్టె తెరిపించి, తెల్లటి, నల్లటి, ఎర్రటి, పచ్చటి, నీలి తెరలు వరుసగా పెట్టించి, మూల మూలా చూసి తీసుకున్నాను. బిల్లులో అసలు ధర 25,000, సీజీఎస్టీ 9 శాతం 2,250, ఎస్‌జీఎస్టీ 9 శాతం 2,250, మొత్తం 29,500. ఆగస్టులో మేమిద్దరం టీ తాగుతూ కాగితం మీద వేసిన అంకె, ఒక్క రూపాయి తేడా లేకుండా. మూడడుగుల పెట్టెను వెనక సీటులో నిలువుగా పెట్టి, పడిపోకుండా బావ కూతురు ఒక చేత్తో పట్టుకుని కూర్చోగా, మధురవాడ, ఆనందపురం మీదుగా చీకటి పడేసరికి ఇల్లు చేరాం.

బిగించిన మొదటి అరగంట ఆందోళనగా గడిచింది. 165 హెర్ట్జ్, అంటే సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చగలదని రాసి ఉన్న మానిటరు 100 దాటడం లేదు. నేను పాత మానిటరుకు వాడిన హెచ్‌డీఎంఐ తీగనే తగిలించాను. ఈ మానిటరు హెచ్‌డీఎంఐ ద్వారం 2.0 రకం, ఇంత రిజల్యూషనులో అది 100 హెర్ట్జ్ వరకే పంపగలదు. పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ తీగ తగిలించి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి మనమే 165 ఎంచుకోవాలి. తనంతట తాను అది 60 దగ్గరే ఆగి ఉంటుంది. దీన్ని గమనించకుండా నెలల తరబడి 60లోనే వాడుకునేవాళ్లు ఉంటారు, కొన్న రోజునే చూసుకోవడం మంచిది. ఫ్రేముల హెచ్చుతగ్గులకు తగినట్టు తెర వేగం మార్చుకునే అడాప్టివ్ సింక్ కూడా ఆన్ చేశాను. 50, 60 ఫ్రేముల దగ్గర ఊగే నా కార్డుకు అసలైన అండ అదే.

ఆ రాత్రి లారీ గేము తెరిచినప్పుడు పక్క అద్దంలో వెనక వచ్చే కార్లు తల తిప్పకుండా కనబడ్డాయి. నేను ఊహించిన దానికన్నా అది బాగుంది, ఒక గంటసేపు ఏ సరుకూ వేసుకోకుండా ఊరికే నడిపాను. అన్ని గేములూ అలా లేవు. ఎల్డెన్ రింగ్ ఇటూ అటూ నల్ల పట్టీలతో 16:9లోనే వస్తుంది, వాలరెంట్ కూడా ఈ వెడల్పును వాడుకోనివ్వదు. సినిమాల్లో కూడా కొన్ని వేదికలు నల్ల పట్టీలను బొమ్మలోనే కలిపి పంపడం వల్ల నాలుగు వైపులా నలుపు మిగిలి, బొమ్మ మధ్యలో చిన్నదైపోతుంది. మీరు ఎక్కువగా ఆడేది అలాంటి గేములే అయితే ఈ మానిటరు ఇప్పుడు కొన్నా ఎప్పుడు కొన్నా పెద్దగా ప్రయోజనం ఉండదు. పగటి పని మాత్రం నేను అనుకున్నట్టే సాగుతోంది. ప్లానూ ఎలివేషనూ పక్కపక్కన పెట్టి గీసిన మొదటి ఇల్లు మా వీధి చివరి టీచరుగారిది, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటికి, అంటే అక్టోబరు 7 నాటికి, పూర్తి చేసి ఇచ్చాను.

ఆగమని సలహా ఇవ్వడంలో నేను ఒకచోట పొరబడ్డాను, అది కూడా చెప్పాలి. తమ్ముడు అదే సమయంలో తన కంప్యూటరుకు ర్యామ్ పెంచుకుంటానంటే, నా అనుభవం తలకెక్కి, సంక్రాంతి దాకా ఆగమన్నాను. ర్యామ్ మీద పన్ను ముందు నుంచీ 18 శాతమే, తగ్గేందుకు ఏ ఆధారమూ లేదు. ఆ విషయం నేను ఆలోచించనే లేదు. మెమరీ తయారీ సంస్థలు కృత్రిమ మేధ డేటా సెంటర్ల వైపు మళ్లడంతో ఏడాది చివరికి ధరలు విపరీతంగా పెరిగాయి, డిసెంబరులో మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో వినియోగదారులకు చేసే అమ్మకాలనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సెప్టెంబరులో తమ్ముడు చూపించిన జత ధర జనవరిలో రెట్టింపు దాటింది. వాడు ఒక్క మాట కూడా అనలేదు. మానిటరు మీద మిగిలిన 2,500 వాడికి పంపి, పసుపు పట్టీ ఉన్నా సరే రెండో తెరగా పనికొస్తుందని పాత మానిటరు కూడా ఇచ్చాను.

2026 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో రంగు చుక్కలు నిలువు చారలుగా అమరిన 34 అంగుళాల క్యూడీ-ఓఎల్ఈడీ మానిటర్లు చూపించారు. సన్నటి గీతల అంచున రంగు చార సమస్య వాటిలో బాగా తగ్గుతుంది. ఆ వార్త తమ్ముడే పంపాడు. ఆసక్తిగా చదివాను, ఇప్పటి మానిటరు పాతబడేనాటికి అదే కొంటానేమో. ఆ పసుపు పట్టీతో ఇన్నాళ్లు పనిచేసి ఉండవలసిందని మాత్రం అనిపించలేదు.

ఫ్రిజ్ పెట్టెలోంచి కోసిన అట్టముక్క చాలాకాలం బీరువా వెనక ఉండిపోయింది. గత వారం బొబ్బిలి నుంచి మా చిన్నాన్న కొడుకు వచ్చి, తనూ ఇలాంటిదే కొనాలనుకుంటున్నానని, ఇప్పుడా తర్వాతా అని అడిగాడు. నేను అట్టముక్క బయటికి తీసి, వదులైన పుల్లలు మళ్లీ బిగించి ఇచ్చి, ముందు దీన్ని నీ బల్ల మీద నాలుగు రోజులు నిలబెట్టి చూడమన్నాను. బస్సులో వంగిపోకుండా దానికి పాత దుప్పటి చుట్టి మా అమ్మే కట్టి ఇచ్చింది.